ఇన్సూరెన్స్ లేని అమ్మానాన్నలకి అమెరికాలో ఎమర్జెన్సీ వస్తే ఏ తలుపు తట్టాలి?

రెండేళ్ళ కిందట నవంబరులో, సాయంత్రం ఏడు దాటాక, మా నాన్న హాల్లోకి వచ్చి సోఫాలో కూర్చుని ఛాతీ రుద్దుకోవడం మొదలుపెట్టారు. "గ్యాసేలే. మధ్యాహ్నం తిన్న గారెలు పడలేదు. ఈనో ఉంటే కాస్త కలిపివ్వు" అన్నారు. నుదుటి మీద చెమట. బయట చలి, ఇంట్లో చెమట పట్టేంత వేడేం లేదు. అప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది గుండె కాదు. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, ఇన్సూరెన్స్ లేదన్న సంగతి గుర్తొచ్చింది. బయల్దేరే ముందు "మూడు నెలల ముచ్చటకి అంత డబ్బు తగలెయ్యడం ఎందుకు, నాకేం రోగం" అని ఆయన అంటే నేనూ సరేనని ఊరుకున్నాను.

అందుకే ఆసుపత్రికి కాకుండా, ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న అర్జెంట్ కేర్ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి 175 డాలర్లని అక్కడ గోడ మీదే రాసి ఉంటుంది. ఆసుపత్రి ఈఆర్‌లో, అంటే ఎమర్జెన్సీ విభాగంలో, అడుగుపెడితే వేలల్లో అవుతుందని ప్రతి పాట్‌లక్ విందులోనూ వింటున్నదే. అర్జెంట్ కేర్ వాళ్ళు ఈసీజీ తీశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వెంటనే ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేశారు. అలా అర్జెంట్ కేర్ బిల్లు, అంబులెన్స్ బిల్లు, ఆసుపత్రి బిల్లు మూడూ మెడకి చుట్టుకున్నాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, గుండెకి రక్తం సరిగ్గా అందని నలభై నిమిషాలు అనవసరంగా పోయాయి.

నాన్నకి ఒక స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు బిల్లులతో కుస్తీ పట్టి నేర్చుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల కోసమే ఎక్కువగా రాస్తున్నా, ఉద్యోగం పోయి ఇన్సూరెన్స్ పోయిన హెచ్1బీ వాళ్ళకి కూడా చివర్లో కొంత ఉంది.

ముందు చట్టం గురించి, ఎందుకంటే మనవాళ్ళలో సగం భయం ఇది తెలియకే. "డబ్బు కట్టకపోతే లోపలికి రానివ్వరు" అనుకుంటాం. మన ఊళ్ళలో కార్పొరేట్ ఆసుపత్రి కౌంటర్ దగ్గర అడ్వాన్స్ కట్టిన అలవాటు అది. అమెరికాలో 1986 నుంచి ఎమ్టాలా అనే ఫెడరల్ చట్టం ఉంది. అంతకు ముందు ఇక్కడా అదే పరిస్థితి. ఇన్సూరెన్స్ లేని రోగుల్ని ప్రైవేట్ ఆసుపత్రులు అంబులెన్స్ ఎక్కించి ప్రభుత్వ ఆసుపత్రులకి పంపించేసేవి. షికాగో కుక్ కౌంటీ ఆసుపత్రికి అలా వచ్చిపడిన వాళ్ళ లెక్కల్ని అక్కడి డాక్టర్లే బయటపెట్టడం, దేశమంతా గొడవ కావడం, ఆ తర్వాత ఈ చట్టం రావడం జరిగాయి. పెద్దవయసు వాళ్ళ ప్రభుత్వ ఇన్సూరెన్స్ అయిన మెడికేర్ నుంచి డబ్బు తీసుకునే, ఎమర్జెన్సీ విభాగం ఉన్న ప్రతి ఆసుపత్రికీ ఇది వర్తిస్తుంది. అంటే దాదాపు అన్నిటికీ. వచ్చినవాళ్ళని డాక్టరు గానీ, ఆ అర్హత ఉన్న వాళ్ళు గానీ పరీక్షించి ఎమర్జెన్సీ ఉందో లేదో తేల్చాలి. ఉంటే ప్రాణాపాయం తప్పి నిలకడ వచ్చేదాకా వైద్యం చెయ్యాలి. ఆ వైద్యం తమ దగ్గర లేకపోతే, ఉన్నచోటికి పద్ధతిగా పంపాలి. ఇన్సూరెన్స్ ఉందా అని అడగొచ్చు గానీ, ఆ మాట కోసం పరీక్షని ఆలస్యం చెయ్యకూడదు. పౌరసత్వం, వీసా, ఏ దేశం అన్నవాటితో సంబంధం లేదు. నొప్పులు పడుతున్న గర్భిణికీ ఇదే రక్షణ. చట్టం తప్పితే జరిమానా లక్ష డాలర్లు దాటొచ్చు, ఆ ఆసుపత్రిని మెడికేర్ నుంచే తీసెయ్యొచ్చు.

అయితే ఈ చట్టం వైద్యం చెయ్యమంటుంది, ఉచితంగా చెయ్యమనదు. బిల్లు తర్వాత వస్తుంది, గట్టిగానే వస్తుంది. పరీక్ష చేసి ఎమర్జెన్సీ కాదని తేలితే, "ఇక్కడితో మా బాధ్యత అయిపోయింది, మిగతాది కావాలంటే ముందు డబ్బు కట్టండి" అనే హక్కు కూడా ఆసుపత్రికి ఉంది. నిలకడ వచ్చాక చేసే నెలవారీ చెకప్పులు, కీమో, మోకాలి ఆపరేషన్ లాంటివి దీని కిందకి రావు.

ఇక తలుపుల సంగతి.

అర్జెంట్ కేర్ అంటే పేరులో అర్జెంట్ ఉన్నా అది క్లినిక్కే. జ్వరం, గొంతునొప్పి, యూరిన్ ఇన్ఫెక్షన్, కాలు బెణకడం, కూరగాయలు తరుగుతూ వేలు కోసుకుంటే రెండు కుట్లు, మామూలు ఎక్స్‌రే లాంటి వాటికి దీన్ని మించింది లేదు. చాలాచోట్ల 150 నుంచి 300 డాలర్ల మధ్య అవుతుంది, ఎక్స్‌రే, ల్యాబ్ విడిగా. డబ్బు కట్టలేమంటే వద్దనే స్వేచ్ఛ వాళ్ళకి సాధారణంగా ఉంటుంది, ఎమ్టాలా వీటిలో చాలావాటికి వర్తించదు. ముందే ఫోన్ చేసి "సెల్ఫ్ పే (మన జేబులోంచి కట్టే) ధర ఎంత, ఎక్స్‌రే కలిపా, విడిగానా" అని అడిగితే సూటిగానే చెప్తారు. అడగడానికి మనమే మొహమాటపడతాం.

ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఊపిరి ఆడకపోవడం, తలకి గట్టి దెబ్బ, ఆగని రక్తం, స్పృహ తప్పడం. వీటికి అర్జెంట్ కేర్ అసలు లెక్కలోకే రాదు, నేరుగా ఆసుపత్రి ఈఆర్. ఇక్కడ మాత్రం నేను మరో ఆలోచనకి చోటివ్వను. షుగర్ ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో గుండెపోటు సినిమాల్లో చూపించినట్టు రాదు. దవడ నొప్పి, వీపు మధ్యలో నొప్పి, ఉత్త ఆయాసం, వికారం, చెమటలు, అంతే ఉండొచ్చు. మన ఇళ్ళలో వీటన్నిటికీ ఒకటే పేరు: గ్యాస్. పక్షవాతానికైతే గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటల గడువు ఉంది. లక్షణం మొదలైన నిమిషం నుంచి లెక్క. అందుకే ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?" అని. గోడ గడియారం చూసి ఆ టైము గుర్తుపెట్టుకోండి.

విజయవాడలో ఉన్న డాక్టరు బావగారికి వాట్సాప్ కాల్ చెయ్యడం మూడో తలుపు. నవ్వకండి, చాలా ఇళ్ళలో మొదటి తలుపు ఇదే. రిపోర్టు చదివించుకోడానికి, వాడుతున్న మందుల గురించి అడగడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఆయన రాసిన చీటీకి ఇక్కడి ఫార్మసీ మందివ్వదు, ఫోన్‌లో ఈసీజీ కనపడదు. నిలబడి ఆలోచించే తీరిక ఉన్నప్పుడే ఆ ఫోన్. ఇక్కడి టెలీహెల్త్ (ఫోన్‌లో, వీడియోలో చూసే) డాక్టర్లు ఇన్సూరెన్స్ లేకుండా నగదుకి కూడా చూస్తారు, అర్జెంట్ కేర్ కంటే తక్కువకి అయిపోతుంది. దద్దుర్లు, దగ్గు, మందు అయిపోతే కొత్త ప్రిస్క్రిప్షన్, వీటికి సరిపోతుంది.

ఫోన్ అనుకున్నాం కాబట్టి, పిల్లలున్న ఇళ్ళకి ఒక నంబరు: 1-800-222-1222. పాయిజన్ కంట్రోల్. ఇరవై నాలుగు గంటలూ ఉచితం. తాతగారి బీపీ మాత్రలు మనకి సీసాలో ఉండవు, పిల్లలు తియ్యలేని మూతలూ ఉండవు, స్ట్రిప్పులో నుంచి రెండు నొక్కితే నోట్లోకే. మనవడు ఏదన్నా మింగాడని అనుమానం వచ్చి, వాడు బాగానే ఆడుకుంటూ ఉంటే ముందు ఇక్కడికి ఫోన్ చెయ్యండి. ఇంట్లోనే చూసుకోవచ్చా, ఆసుపత్రికి పరిగెత్తాలా అన్నది నిపుణులే చెప్తారు. స్పృహ తగ్గినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా మాత్రం 911.

ఆసుపత్రి ఈఆర్ అన్నాను గదా, అన్ని ఈఆర్‌లూ ఒకటి కావు. నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసిన విషయం ఇదే, చాలామందికి ఇప్పటికీ తెలియదు.

మొదటి రకం ఇది. టెక్సాస్‌లో ఫ్రిస్కో, కేటీ లాంటి మనవాళ్ళు ఎక్కువున్న చోట్ల, పెట్రోల్ బంకు పక్కన, గ్రోసరీ స్టోరు ఎదురుగా "ఎమర్జెన్సీ" అని ఎర్రక్షరాల బోర్డుతో చిన్న భవనాలు కనిపిస్తాయి. చూడ్డానికి అచ్చం అర్జెంట్ కేర్ లాగే ఉంటాయి. శుభ్రంగా ఉంటాయి, జనం ఉండరు, కాఫీ కూడా ఇస్తారు. అవి ఫ్రీస్టాండింగ్ ఈఆర్‌లు, అంటే ఆసుపత్రి భవనానికి దూరంగా విడిగా ఉన్న ఈఆర్‌లు. వసూలు చేసేది ఈఆర్ రేటు. గొంతునొప్పికి వెళ్ళినా ఫెసిలిటీ ఫీజు పడుతుంది. వాటిలో ఏ ఆసుపత్రికీ చెందని స్వతంత్రమైనవి మెడికేర్ పరిధిలో ఉండవు, కాబట్టి ఫెడరల్ ఎమ్టాలా వాటికి లేదు. రాష్ట్ర చట్టం మాత్రం పరీక్ష చెయ్యాలనే అంటుంది. గుండెపోటని తేలితే అక్కడ స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబ్ ఉండదు, అంబులెన్స్ ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాల్సిందే. అప్పుడు బిల్లులు రెట్టింపు. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి నా లెక్కలో ఇదే అన్నిటికంటే నష్టం బేరం.

రెండోది, లాభాల కోసం నడిచే ఆసుపత్రి. ఎమ్టాలా పూర్తిగా వర్తిస్తుంది, వైద్యంలో తేడా ఉంటుందని అనను. తేడా బిల్లు దగ్గర వస్తుంది. వాళ్ళ దగ్గరా ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి డిస్కౌంట్లుంటాయి గానీ, అవి చాలా రాష్ట్రాల్లో వాళ్ళ ఇష్టం.

మూడోది, నాన్‌ప్రాఫిట్, అంటే లాభాపేక్ష లేని ఆసుపత్రి. క్రైస్తవ సంస్థలవి, యూనివర్సిటీలవి, ఊరి పేరుతో ఉన్నవి చాలావరకు ఇవే. పన్ను మినహాయింపు తీసుకుంటున్నందుకు వీటి మీద 2010 అఫోర్డబుల్ కేర్ చట్టం కొన్ని షరతులు పెట్టింది, పన్నుల చట్టంలో 501-ఆర్ అంటారు. ఆర్థిక సహాయం ఎవరికి, ఎంత అన్నది రాసి అందరికీ కనపడేలా పెట్టాలి. అర్హత ఉన్నవాళ్ళ దగ్గర, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి మామూలుగా పడే రేటు కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఇంటికెళ్ళాక వచ్చిన మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. మొదటి 120 రోజుల్లో కోర్టుకెక్కడం, క్రెడిట్ రిపోర్టుకి పంపడం లాంటివి చెయ్యకూడదు.

నాలుగోది కౌంటీ (మన జిల్లా లాంటిది) లేదా సిటీ నడిపే ఆసుపత్రి. హ్యూస్టన్‌లో బెన్ టాబ్, డాలస్‌లో పార్క్‌లాండ్, న్యూయార్క్‌లో బెల్‌వ్యూ లాంటివి. మన ఉస్మానియా, కేజీహెచ్ గుర్తొచ్చి మొహం చిట్లిస్తారు గానీ, యాక్సిడెంట్ కేసులకి ఆ నగరాల్లో చాలామంది వెళ్ళేది వీటికే. వెయిటింగ్ చాలా ఎక్కువ. ఇన్సూరెన్స్ లేనివాళ్ళతో వీళ్ళకి రోజూ పనే, ఆర్థిక సహాయం డెస్కు దగ్గర మనల్ని వింతగా చూడరు. ఒక్క చిక్కు, పూర్తి సహాయ పథకాలకి ఆ కౌంటీలో నివాసం ఉండాలంటారు, విజిటర్లకి అది కుదరకపోవచ్చు.

నా సలహా: ఇవాళే, ఇంట్లో అందరూ బాగున్నప్పుడే, అరగంటలోపు చేరగల ఆసుపత్రుల్లో నాన్‌ప్రాఫిట్ ఏదో, అందులో గుండెకి, పక్షవాతానికి ఇరవై నాలుగు గంటలూ సదుపాయం ఉన్నది ఏదో చూసి పెట్టుకోండి. వెబ్‌సైట్‌లో "ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ" అనే పేజీ తెరిచి, అక్కడ నివసించని వాళ్ళకి ఎమర్జెన్సీలో ఇస్తారా అన్న ఒక్క లైను వెతకండి. ప్రాణం మీదకొచ్చిన రాత్రి ఇవేవీ చూడొద్దు. దగ్గర్లో లాభాల ఆసుపత్రి ఉండి, నాన్‌ప్రాఫిట్ ఇంకో ఇరవై నిమిషాలైతే, దగ్గరున్న దానికే వెళ్ళాలి.

అంబులెన్సా, సొంత కారా? అంబులెన్స్‌కి వెయ్యి నుంచి రెండు మూడు వేల డాలర్ల దాకా అవుతుంది. ఊహించని బిల్లుల నుంచి కాపాడే 2022లో అమల్లోకి వచ్చిన నో సర్‌ప్రైజెస్ చట్టం కూడా రోడ్డు మీద తిరిగే అంబులెన్సుని వదిలేసింది. అయినా ఛాతీ నొప్పికి, పక్షవాతానికి నేను 911కే చేస్తాను. పారామెడిక్స్ ఇంట్లోనే ఈసీజీ తీసి ఆసుపత్రికి కబురు చేస్తారు, మనం చేరేసరికి అక్కడ టీము సిద్ధంగా ఉంటుంది. కారులో దారి మధ్యలో గుండె ఆగితే మీరు స్టీరింగ్ పట్టుకుని ఉంటారు, ఏం చెయ్యగలరు? చెయ్యి విరిగింది, కడుపునొప్పి భరించలేనంతగా ఉంది కానీ నడుస్తున్నారు, అలాంటప్పుడు కారు చాలు. అమ్మానాన్నలు ఇంట్లో ఒంటరిగా ఉంటే 911కి చేసి "తెలుగు" అని ఒక్క మాట అంటే చాలు, దుబాసీని లైన్‌లోకి తేవడానికి చాలాచోట్ల ఏర్పాటు ఉంది.

ఆసుపత్రి డెస్కు దగ్గర మనం చేసే పొరపాట్లు రెండు. మొదటిది, భాష. నాన్న చెప్పేది నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్తుంటే, ఆయన "కొద్దిగా మంట" అన్నది నేను "నొప్పి" అన్నాను, నా ముందు చెప్పలేక ఒకటి రెండు దాచారు కూడా. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. ఫోన్‌లోనో వీడియోలోనో తెలుగువాళ్ళు దొరుకుతారు. అడగండి. రెండోది, సంతకం. టాబ్లెట్ చేతికిచ్చి ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అంటారు. వైద్యానికి ఒప్పుకుంటున్నామన్న కాగితం వేరు, "గ్యారంటర్", అంటే బిల్లుకి పూచీ నాది అన్న కాగితం వేరు. నాన్న స్పృహలో ఉంటే ఆయనే సంతకం పెట్టొచ్చు. మీరు గ్యారంటర్‌గా పెడితే ఆ బిల్లు మీదైపోతుంది. తల్లిదండ్రుల ఆసుపత్రి బిల్లు పెద్దైన పిల్లల మీదకి మామూలుగా దానంతట అది రాదు. కొన్ని రాష్ట్రాల్లో మాత్రం తల్లిదండ్రుల పోషణ పిల్లలదేననే పాత చట్టాలు ఇంకా ఉన్నాయి. పెన్సిల్వేనియాలో 2012లో తల్లి నర్సింగ్ హోమ్ బిల్లు దాదాపు 93,000 డాలర్లు కొడుకే కట్టాలని కోర్టు చెప్పింది. అది అరుదు, కానీ తెలిసుండాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదంటే లేదని చెప్పండి, మీది ఇవ్వొద్దు. పాస్‌పోర్టు చాలు.

ఈఆర్‌లో గంటలు గడుస్తుంటే "మన తర్వాత వచ్చినవాణ్ణి ముందు పిలిచారు" అని నాన్న నాతో గొడవపడ్డారు. అక్కడ వరస తీవ్రతని బట్టి ఉంటుంది. మీరు కూర్చోబెట్టబడ్డారంటే ఒక రకంగా శుభవార్తే. కానీ కూర్చున్నాక నొప్పి పెరిగితే లేచి వెళ్ళి నర్సుకి చెప్పండి, మర్యాద కోసం ఆగొద్దు.

నిలకడ వచ్చాక ఇంకో నిర్ణయం ఉంటుంది: మిగతా వైద్యం ఇక్కడా, ఇండియాలోనా? గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు, నొప్పి తగ్గింది, ఇన్ఫెక్షన్ లేదు. అలాంటివాటికి డాక్టరు సరేనంటే ఇండియా వెళ్ళి చేయించుకోవడమే తెలివైన పని. గుండెపోటు, పక్షవాతం తర్వాత విమానం ఎప్పుడెక్కొచ్చో డాక్టరే చెప్పాలి. ఎయిర్‌లైన్‌కి మెడిఫ్ అనే ఆరోగ్య వివరాల ఫారం నింపి ఇవ్వాల్సి రావచ్చు. "చాలు, ఇంటికి పోదాం" అని డాక్టరు మాట కాదని లేచి రావడం మాత్రం వద్దు. డబ్బు గురించే తొందరైతే ఆ మాటే సూటిగా డాక్టరుతో అనండి. "ఇన్సూరెన్స్ లేదు, ఈ స్కాన్ ఇవాళే అవసరమా, తర్వాత బయట చేయించుకోవచ్చా?" అని నేనడిగితే, నాన్న విషయంలో రెండు పరీక్షలు బయటికి మారాయి. ముందే తేదీ ఇచ్చి చేసేవాటికి, ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి రాతపూర్వకంగా అంచనా ఇవ్వాలి. బిల్లు దానికంటే 400 డాలర్లు గానీ అంతకంటే గానీ ఎక్కువొస్తే 120 రోజుల్లో ఫిర్యాదు చెయ్యొచ్చు. ఈఆర్‌కి ఇది వర్తించదు.

ఇంటికొచ్చాక మొదలవుతుంది అసలు కథ. ఒక్క రాత్రికి ఐదారు కవర్లు వస్తాయి. ఆసుపత్రి వేరు, ఈఆర్ డాక్టర్ల గ్రూపు వేరు, రేడియాలజీ వేరు, కార్డియాలజీ వేరు, అంబులెన్స్ వేరు. మొదటి కవరు చూసి నా భార్య "కార్డు మీద గీకేద్దాం, టెన్షన్ పోతుంది" అంది. ఆ పని చెయ్యకపోవడం నా అదృష్టం. కార్డు మీదకి ఎక్కిస్తే అది మామూలు క్రెడిట్ కార్డు అప్పైపోతుంది, ఆ తర్వాత ఆసుపత్రి సహాయం అడగడం కష్టమవుతుంది. మెడికల్ క్రెడిట్ కార్డులూ అంతే. గడువులోపు మొత్తం తీర్చకపోతే మొదటి రోజు నుంచీ వడ్డీ వేసేవి వాటిలో ఉన్నాయి.

వరస ఇలా పెట్టుకోండి. ముందు ఐటమైజ్డ్ బిల్లు, అంటే దేనికెంతో విడివిడిగా చూపించే బిల్లు, అడగాలి. ఈఆర్ విజిట్‌కి 99281 నుంచి 99285 దాకా ఐదు స్థాయిల కోడ్‌లుంటాయి, అంకె పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. చెయ్యని పరీక్ష పడిందేమో, ఒకటే రెండుసార్లు పడిందేమో చూడండి. తర్వాత ఆర్థిక సహాయం దరఖాస్తు. దాని ఫలితం వచ్చాకే, మిగిలినదానికి సెల్ఫ్ పే డిస్కౌంట్. ఇవన్నీ అయ్యాకే వడ్డీ లేని వాయిదాలు. ఈ వరస తిరగేసి, ముందే వాయిదాలకి ఒప్పుకున్న స్నేహితులు నాకు ఇద్దరున్నారు. ఫారాలు చూసి కళ్ళు తిరిగితే డాలర్ ఫర్ అనే లాభాపేక్ష లేని సంస్థ దరఖాస్తు నింపడంలో ఉచితంగా సాయం చేస్తుంది.

ఆదాయం దగ్గర మనవాళ్ళు అనవసరంగా వెనక్కి తగ్గుతారు, "నాకు మంచి జీతం, మాకెందుకిస్తారు" అని. రోగి మీ నాన్నగారు, మీరు కాదు. చాలా పాలసీల్లో లెక్కించేది రోగి, జీవిత భాగస్వామి, మైనర్ పిల్లల ఆదాయం. 2025 లెక్కలో ఇద్దరున్న కుటుంబానికి ఫెడరల్ పేదరికం గీత ఏడాదికి 21,150 డాలర్లు. మా నాన్న పెన్షన్ నెలకి 42,000 రూపాయలు, ఏడాదికి కలిపితే దాదాపు ఆరు వేల డాలర్లు. కొన్ని ఆసుపత్రులు ఎవరింట్లో ఉంటున్నారో వాళ్ళు పోషిస్తున్నట్టు ఉత్తరం అడుగుతాయి, కొన్ని మీ ఆదాయం కూడా చూస్తాయి. ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచి దొరికిపోతే దరఖాస్తు పోతుంది.

మేముండేది న్యూజెర్సీ. ఇక్కడి చారిటీ కేర్ అనే రాష్ట్ర సహాయ పథకం అన్ని అక్యూట్ కేర్ (హఠాత్తుగా వచ్చిన జబ్బుల్ని చేర్చుకుని చూసే) ఆసుపత్రుల్లోనూ ఉంటుంది. పేదరికం గీతకి రెండు రెట్ల దాకా పూర్తిగా ఉచితం, మూడు రెట్ల దాకా కొంత. రాష్ట్రంలో నివాసం ఉండాలన్నది మామూలు షరతే అయినా ఎమర్జెన్సీకి వచ్చిన బయటివాళ్ళకి మినహాయింపుంది. బ్యాంకు డబ్బు, ఎఫ్‌డీలు కలిపి ఒక్కరికి 7,500, కుటుంబానికి 15,000 డాలర్లు దాటకూడదు. నాన్నవి ఆ హద్దుకి లోపలే ఉన్నాయి. పెన్షన్ ఆర్డరు, బ్యాంకు స్టేట్‌మెంట్, పాస్‌పోర్టు కాపీలు ఇచ్చాం, రెండుసార్లు వెనక్కి వచ్చింది, మూడోసారి ఆమోదం అయింది. ఆసుపత్రి బిల్లు మాఫీ అయింది. డాక్టర్ల బిల్లులు ఈ పథకంలోకి రావు, వాటికి విడిగా ఫోన్లు చేసి బతిమాలి తగ్గించుకున్నాం. కాలిఫోర్నియాలో గీతకి నాలుగు రెట్ల ఆదాయం దాకా ఆసుపత్రులు సహాయమో డిస్కౌంటో ఇవ్వాలని చట్టం, ఈఆర్ డాక్టర్లకీ అది వర్తిస్తుంది. న్యూయార్క్ కూడా 2024లో నాలుగు రెట్లకి పెంచింది, ఇమిగ్రేషన్ స్థితి అడ్డుకాదు. టెక్సాస్‌లో ఇలాంటి గట్టి రాష్ట్ర చట్టం లేదు కాబట్టే అక్కడ నాన్‌ప్రాఫిట్ ఈఆర్‌ని ఎంచుకోవడం ఇంకా ముఖ్యం. ఎమర్జెన్సీ మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌లో ఎమర్జెన్సీ భాగం) అనే మాట వినపడుతుంది గానీ, దానికి ఆ రాష్ట్రంలో స్థిరంగా ఉంటున్నవాళ్ళై ఉండాలి. టూరిస్టు వీసా వాళ్ళు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

తర్వాతి చెకప్పులకి కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నాయి, ఆదాయాన్ని బట్టి ఫీజు. 1965లో బోస్టన్‌లో మొదలై ఇప్పుడు దేశమంతా ఉన్నాయి. 2025 జులైలో ఫెడరల్ ప్రభుత్వం వలసదారులకి కొత్త ఆంక్షలు ప్రకటించింది, కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళ్ళాయి. కాబట్టి ముందు ఫోన్ చేసి విజిటర్లని చూస్తారా అని అడిగి వెళ్ళండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ లాంటి పాత జెనరిక్ మందులు వాల్‌మార్ట్‌లో నెలకి నాలుగు డాలర్ల జాబితాలో ఉన్నాయి, ప్రిస్క్రిప్షన్ ఉండాలి.

ఉద్యోగం పోయినవాళ్ళ మాట. ఆఫీసు ఇన్సూరెన్సుని మన డబ్బుతో కొనసాగించుకునే హక్కుని కోబ్రా అంటారు. తమాషా ఏమిటంటే, ఎమ్టాలా వచ్చింది కూడా ఇదే కోబ్రా చట్టంలో భాగంగా. నెలకి భార్యాభర్తలకి వెయ్యి రెండు వేలు చెప్తారు, చూసి కాగితం పక్కన పడేస్తాం. పడెయ్యొద్దు. తీసుకోవాలో లేదో చెప్పడానికి 60 రోజులుంటుంది, తీసుకుంటే పాత ఇన్సూరెన్స్ ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది, మొదటి ప్రీమియం కట్టడానికి ఇంకో 45 రోజులు. అంటే నలభయ్యో రోజున అపెండిక్స్ నొప్పొచ్చి ఆసుపత్రిలో పడినా, అప్పుడు సంతకం పెట్టి, వెనకటి ప్రీమియంలు కట్టి, ఆ బిల్లుని ఇన్సూరెన్సుకి పంపొచ్చు. ఏమీ కాకపోతే కట్టక్కర్లేదు. అదే 60 రోజుల్లో మార్కెట్‌ప్లేస్ (అఫోర్డబుల్ కేర్ చట్టం కింద ఇన్సూరెన్స్ అమ్మే ప్రభుత్వ సైటు) ప్లాన్ కూడా కొనుక్కోవచ్చు, అయితే అది వెనక్కి వర్తించదు.

విజిటర్ ఇన్సూరెన్స్ గురించి రెండు ముక్కలే. విమానం దిగాక కూడా చాలా ప్లాన్లు కొనుక్కోవచ్చు, నొప్పి మొదలయ్యాక కొంటే మాత్రం పనికిరాదు. చవకగా వచ్చే ఫిక్స్‌డ్ ప్లాన్లు ఒక్కో సేవకి ఇంతే అని కొంత విదిలిస్తాయి. ఖర్చయినా కాంప్రిహెన్సివ్ ప్లాన్ తీసుకోండి, అందులో, ముందునుంచీ ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే ఎంత ఇస్తారో, డెబ్భై ఏళ్ళు దాటితే అది ఎంతకి తగ్గుతుందో చదవండి.

నాన్న ఈసారి ఇన్సూరెన్సుతోనే వచ్చారు. మా ఫ్రిజ్ మీద ఇప్పుడొక కాగితం ఉంది. తెలుగులో, పెద్దక్షరాలతో ఇంటి అడ్రసు, 911, పాయిజన్ కంట్రోల్ నంబరు, ఎంచుకున్న ఆసుపత్రి పేరు. కింద ఇంగ్లీషులో మందులు. మన బ్రాండ్ పేర్లు ఇక్కడి ఈఆర్‌లో ఎవరికీ తెలియవు, ఆ రాత్రి నేను "టెల్మా, ఎకోస్ప్రిన్" అంటుంటే నర్సు స్పెల్లింగ్ అడుగుతూ కూర్చుంది. అందుకే పక్కన అసలు పేర్లు రాశాం: టెల్మాకి టెల్మిసార్టాన్, ఎకోస్ప్రిన్‌కి ఆస్పిరిన్, గ్లైకోమెట్‌కి మెట్‌ఫార్మిన్, అమ్మ వేసుకునే థైరోనార్మ్‌కి లివోథైరాక్సిన్. డోలోకి పారాసిటమాల్ అని రాశాను, మా అమ్మాయి కొట్టేసి అసిటమినోఫెన్ అని దిద్దింది. ఇక్కడ దాన్ని అలాగే అంటారట.